లెసన్ ప్లాన్‌లో ఆ చివరి గడిని టీచర్‌కే వదిలేయండి

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచిన కొత్తలో ఏటా మీ పేపర్లోనూ, మిగతా పేపర్ల జిల్లా పేజీల్లోనూ ఒక రకం వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా అధికారి ఫలానా హైస్కూల్‌ను ఆకస్మికంగా తనిఖీ చేశారు, టీచర్ల డైరీలు, లెసన్ ప్లాన్లు చూశారు, రాయని వాళ్ల మీద ఆగ్రహం వ్యక్తం చేశారు, మెమోలు ఇస్తామన్నారు అని. ఆ ప్లాన్లలో అసలు ఏం రాసి ఉందో మాత్రం ఏ వార్తలోనూ నేను చదవలేదు. రాశారా లేదా అన్న దగ్గరే వార్త ఆగిపోతుంది. ఏం రాస్తున్నామన్నది కూడా జనానికి తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను, ముఖ్యంగా ప్లాన్ చివర ఉండే ఒక్క గడి గురించి.

టీచర్లు కాని పాఠకులకు కొంచెం చెప్పాలి. మేము ఏడాది మొదట్లో వార్షిక ప్రణాళిక రాస్తాం, తర్వాత ఒక్కో పాఠానికి యూనిట్ ప్లాన్, దాన్ని మళ్లీ విడగొట్టి పీరియడ్ ప్లాన్. ఇవాళ ఏ అంశం చెబుతాం, పిల్లలకు ఏం రావాలి, ఏ ప్రశ్నతో మొదలుపెడతాం, ఏ సామగ్రి వాడతాం, చివర్లో ఎలా పరీక్షిస్తాం, ఇవన్నీ అందులో ఉంటాయి. సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చి, పాఠ్యపుస్తకాలు మారిన దగ్గర్నుంచి, అంటే దాదాపు 2012 నుంచి, చివర ఇంకో గడి కూడా ఉంటోంది. టీచర్ ప్రతిస్పందనలు, లేదా అందరం అనే మాటలో చెప్పాలంటే టీచర్ రిఫ్లెక్షన్స్. పాఠం చెప్పాక టీచర్ వెనక్కి తిరిగి చూసుకుని, ఏది పిల్లలకు అందింది, ఏది అందలేదు, మళ్లీ చెబితే ఏం మార్చాలి అని రాసుకోవాల్సిన చోటు అది. ప్లాన్ మొత్తంలో పాఠం చెప్పకముందు రాయడం కుదరనిది ఆ ఒక్క గడే. మిగతావన్నీ ముందే రాసుకోవచ్చు, పుస్తకం చూసి రాసుకోవచ్చు, పోయినేడాది ప్లాన్ చూసి కూడా రాసుకోవచ్చు. దీన్ని మాత్రం క్లాసులోకి వెళ్లొచ్చిన మనిషే, వెళ్లొచ్చాకే రాయాలి.

మరి అక్కడ ఏం కనిపిస్తోంది? 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు.' 'విద్యార్థులు ఆశించిన సామర్థ్యాలు సాధించారు.' 'వెనకబడిన పిల్లలకు మరింత సాధన అవసరం.' ఏ జిల్లాలో ఏ సబ్జెక్టు ప్లాన్ తీసినా ఇవే వాక్యాలు. తెలుగు పద్యానికీ ఇవే, ఫిజిక్స్‌లో కాంతి పాఠానికీ ఇవే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రెడీమేడ్ ప్లాన్ల పీడీఎఫ్‌లలో కొన్నింటికి ఈ గడి కూడా నింపేసే వస్తోంది. పాఠం జూలైలో చెప్పాలి, పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారని జూన్‌లోనే ప్రింటై ఉంటుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ ఫోన్లోకి వచ్చింది. ఏడో తరగతి, భిన్నాలు, పీరియడ్ ప్లాన్ రిఫ్లెక్షన్స్‌తో సహా ఇవ్వు అంటే నిమిషంలో ఇస్తుంది. ప్లాన్ రాయడంలో దాని సాయం తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను, మంచి ఉదాహరణల కోసం ఎవరి దగ్గరైనా వెతుక్కోవచ్చు. కానీ మన క్లాసు మొహం కూడా చూడని యంత్రం ఆ చివరి గడిని నింపగలుగుతోందంటే, ఆ గడిలో మనం ఇన్నాళ్లూ రాస్తూ వచ్చిన దాంట్లో మన క్లాసు లేదనే కదా అర్థం. ఇది నన్ను చాలా బాధపెడుతోంది.

నేను లెక్కల టీచర్‌ని కాబట్టి లెక్కతోనే చెబుతాను. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు, ఇప్పటిదాకా ఏం వచ్చో చూసే బేస్‌లైన్ టెస్ట్‌లో 52లోంచి 27 తీసేయమని ఇస్తే, చాలామంది 35 అని రాస్తారు. 25 రావాలి, తప్పు, ఇంటూ పెట్టి మార్కు తీసేస్తాం. రికార్డులో ఆ పిల్లలందరూ 'తీసివేత రానివాళ్లు' అనే ఒకే జాబితాలోకి వెళ్తారు. కానీ ఒక్కొక్కరినీ పిలిచి 'ఎలా చేశావో చెప్పమ్మా' అని అడిగితే రెండు రకాల కథలు బయటపడతాయి. ఒక పాప 7లోంచి 2 తీసేస్తే 5, 5లోంచి 2 తీసేస్తే 3 అంటుంది. అంటే ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అనేదే తనకు పట్టలేదు, ఎక్కడైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడమే తీసివేత అనుకుంటోంది. పక్కనే ఉన్న బాబు '2లోంచి 7 పోదు టీచర్, పక్కనుంచి పది అప్పు తెచ్చుకున్నా, 12లోంచి 7 పోతే 5' అంటాడు. అక్కడిదాకా సరిగ్గానే వచ్చి, అప్పు ఇచ్చిన 5ను 4 చేయడం మర్చిపోయి, 5లోంచి 2 తీసేసి 3 రాస్తాడు. ఇద్దరి జవాబూ 35. ఇద్దరి జబ్బూ వేరు. పాపకు పదేసి పుల్లల కట్టలు, విడి పుల్లలు చేతికిచ్చి స్థాన విలువ నుంచి మొదలుపెట్టాలి. బాబుకు అదంతా అక్కర్లేదు, కట్ట విప్పాక ఎన్ని కట్టలు మిగిలాయో లెక్కపెట్టించి, పైన కొట్టేసి రాయడం అలవాటు చేస్తే రెండు మూడు రోజుల్లో దారిలో పడతాడు. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి తీసివేత మళ్లీ మొదట్నుంచి చెబితే బాబుకు విసుగొస్తుంది, పాపకు అర్థం కాదు.

ఇది కనిపెట్టడానికి పెద్ద పరికరం ఏమీ అక్కర్లేదు. 52 బదులు 50లోంచి 27 తీసేయమంటే చాలు. పాప 37 అంటుంది, బాబు 33 అంటాడు. రేపటి పీరియడ్‌లో బోర్డు మీద మొదటి లెక్క 50 − 27 ఇవ్వాలి అనే ఆలోచన ఇవాళ్టి పీరియడ్ అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుంటేనే వస్తుంది. ఆ గడిలో రాయాల్సింది అదే. 'ఇద్దరూ 35 రాశారు, కారణాలు వేరు, రేపు 50 − 27 ఇచ్చి చూడాలి, పుల్లలు తేవాలి.' అంతే. పెద్ద పెద్ద మాటలు వద్దు. ఆ రెండు లైన్లు రాసిన టీచర్ మర్నాటి ప్లాన్ మారుతుంది. 'విద్యార్థులు సామర్థ్యాలు సాధించారు' అని రాసిన రోజు మర్నాటి ప్లాన్‌లో అక్షరం కూడా మారదు, ఎందుకంటే అందులో మార్చమని చెప్పేదేమీ లేదు.

ఇది లెక్కలకే పరిమితం కాదు. సైన్స్ టీచర్లను అడగండి. కిరణజన్య సంయోగక్రియ పాఠం అయిపోయి, నిర్వచనం అప్పజెప్పి, బొమ్మ గీసి భాగాలు గుర్తించిన పిల్లల్నే 'మొక్కకు తిండి ఎక్కడ్నుంచి వస్తుంది' అని మామూలుగా అడిగితే మట్టిలోంచి, ఎరువులోంచి అంటారు. పొలం చూసి పెరిగిన పిల్లలు కదా, యూరియా వేస్తే చేను ఏపుగా పెరగడం కళ్లారా చూశారు, వాళ్లకు అదే నిజం. పరీక్షలో మార్కులొచ్చాయి కాబట్టి పాఠం వచ్చిందనుకుంటాం. దశాంశాల్లో 0.3 కంటే 0.25 పెద్దది అనే పిల్లలూ అంతే, 3 కంటే 25 పెద్దది కదా అని వాళ్ల తర్కం. తప్పు వెనక ఒక ఆలోచన ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే టీచర్ పనిలో అసలు భాగమని నా గట్టి నమ్మకం.

మరి టీచర్లు ఎందుకిలా రాస్తున్నారు? బద్ధకం అని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. బద్ధకస్తులు ఏ వృత్తిలోనైనా ఉంటారు, మాలోనూ ఉన్నారు. కానీ మంచి టీచర్లు, పిల్లల కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టి టీఎల్ఎం (బోధన సామగ్రి) తయారుచేసే టీచర్లు కూడా ఆ గడిలో అవే వాక్యాలు రాస్తున్నారంటే కారణం వేరే ఉంది. ఆ గడిని ఎవరు చదువుతారు? హెచ్‌ఎం సంతకం పెట్టాలి, మండల విద్యాధికారి (ఎంఈఓ) చూడొచ్చు, పైనుంచి టీమ్ వస్తే వాళ్లూ చూస్తారు. 'ఇవాళ పాఠం సగం మందికి ఎక్కలేదు, నేను ఎంచుకున్న ఉదాహరణ కుదరలేదు' అని రాసి, కింద తేదీ వేసి, తనిఖీకి వచ్చిన అధికారి చేతిలో ఎవరు పెడతారండీ? పెడితే వచ్చే మొదటి ప్రశ్న 'సగం మందికి రాకపోతే నువ్వేం చేస్తున్నావ్' అనే కదా. ఆ టెన్షన్ ఉన్నంతకాలం ఆ గడిలో నిజం రాదు. పేషెంట్‌కు మందు పనిచేయలేదని కేస్ షీట్‌లో రాసిన డాక్టర్‌కు మెమో ఇస్తే, ఇక అన్ని కేస్ షీట్లలోనూ 'కోలుకుంటున్నారు' అనే ఉంటుంది. మన ప్లాన్లకు జరిగింది అదే.

రెండో కారణం సమయం. ఊళ్లలో ఒకే టీచర్ ఉన్న ప్రైమరీ స్కూల్ పరిస్థితి ఆలోచించండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు దాకా నాలుగేసి, మొత్తం 18. పద్దెనిమిది సబ్జెక్టులకూ ప్లాన్లు రాసి, అయిదు తరగతుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పి, మధ్యాహ్న భోజనం చూసుకుని, యాప్‌లో హాజరు, ఇంకో యాప్‌లో భోజనం లెక్క, మరో లింకులో మార్కులు పెట్టి, ఇవన్నీ అయ్యాక ప్రతి పీరియడ్ గురించీ వెనక్కి తిరిగి ఆలోచించమంటే ఎలా సాధ్యం? హైస్కూల్లో అయితే లీజర్ పీరియడ్ ఉంటుంది అంటారు. సెలవు పెట్టిన టీచర్ క్లాసుకు పంపడానికో, అర్జెంటుగా అడిగిన సమాచారం పంపడానికో ఆ లీజర్ సరిపోతుంది.

నిజానికి చట్టం ఈ విషయంలో మా పక్షానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో టీచర్‌కు వారానికి కనీసం 45 పని గంటలు అని ఉంది, ఆ 45లో పాఠం కోసం సిద్ధమయ్యే సమయం కూడా కలిసే ఉంటుందని అక్కడే స్పష్టంగా రాశారు. అదే షెడ్యూల్‌లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు అన్నారు. లెక్క కడితే రోజుకు నాలుగున్నర గంటల పైచిలుకు, వారానికి ఆరు రోజులకు 27 గంటలు. బళ్లలో అంతకంటే ఎక్కువే నడుస్తాయి, అది వేరే సంగతి. అయినా సరే 45కు, 27కు మధ్య ఉన్న ఆ తేడా ఊరికే రాలేదు, చట్టం రాసినవాళ్లు టీచర్‌కు ఆలోచించుకునే టైమ్ కావాలని గుర్తించారు. అదే చట్టం 24వ సెక్షన్ ఒక్కో పిల్లాడూ ఎంతవరకు నేర్చుకున్నాడో అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పాలని టీచర్ల మీద బాధ్యత పెట్టింది. బాధ్యత గుర్తుచేసే సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి, ఆ సమయం గుర్తుచేసే సర్క్యులర్ ఒక్కటి రావాలి.

ఇదేదో నా సొంత కోరిక అనుకోకండి. 1983లో అమెరికాలో డొనాల్డ్ షాన్ అనే పరిశోధకుడు, 'పనిచేస్తున్నప్పుడు ఆలోచించడం', 'పని అయ్యాక దాని మీద ఆలోచించడం' అని రెండింటినీ విడదీసి చెప్పారు, బీఈడీ చదివినవాళ్లందరూ పరీక్షల్లో రాసే ఉంటారు. మన దగ్గర 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్సీటీఈ) నిబంధనలు మార్చి, 2015 నుంచి బీఈడీని రెండేళ్లు చేసి, అందులో 20 వారాలు బడుల్లో గడపాలని పెట్టింది కూడా ఈ ఆలోచన అలవాటు కావాలనే. ఆ 20 వారాలు నిజంగా ఎంతమంది బడిలో గడుపుతున్నారో, రికార్డులు ఎవరు రాస్తున్నారో మీ విలేకరులు ఒకసారి తిరిగి చూస్తే బాగుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది జపాన్ పద్ధతి. అక్కడ పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ 'జుగ్యో కెంక్యూ' అని ఒకటి ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తీసుకుని చాలా రోజులు కూర్చుని ప్లాన్ చేస్తారు. ఒకరు ఆ పాఠం చెబుతారు, మిగతావాళ్లు క్లాసులో నిలబడి చూస్తారు. వాళ్ల చూపంతా పిల్లల మీదే, ఎవరు ఎక్కడ ఆగారు, నోట్‌బుక్‌లో ఏం కొట్టేశారు, పక్కవాడితో ఏమన్నారు అని రాసుకుంటారు. తర్వాత కూర్చుని మాట్లాడుకుని ప్లాన్ మార్చుకుంటారు. పాఠం బాగాలేకపోతే ఆ తప్పు చెప్పిన ఒక్కరిది అవదు, ప్లాన్ అందరిదీ కాబట్టి. ఇంకోటుంది. వాళ్ల ప్లాన్‌లో టీచర్ అడిగే ప్రశ్న పక్కనే, దానికి పిల్లలు ఏయే జవాబులు చెప్పొచ్చు, ఏయే తప్పులు చేయొచ్చు అని ముందే రాసుకునే గడి ఉంటుంది. ఆ గడిలోకి మాటలు ఎక్కడ్నుంచి వస్తాయి? పోయినసారి పాఠం చెప్పినప్పుడు చూసి రాసుకున్న వాటి నుంచే. మన చివరి గడిలో ఈ ఏడాది '35కు రెండు కారణాలు' అని రాసుకుంటే, వచ్చే ఏడాది ప్లాన్ మొదట్లోనే అది ఉంటుంది, కొత్తగా వచ్చిన టీచర్‌కు కూడా పనికొస్తుంది.

జపాన్ దాకా వెళ్లక్కర్లేదు అనేవాళ్లకు మన ఉదాహరణే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1980లు, 90ల్లో బ్రిటన్ సాయంతో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచినప్పుడు టీచర్ సెంటర్లు పెట్టారు. చుట్టుపక్కల ప్రైమరీ టీచర్లు అక్కడ కలిసి, ఎవరి క్లాసులో ఏం జరుగుతోందో చెప్పుకుని, కలిసి కృత్యాలు తయారుచేసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆ కాలంలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు ఇప్పటికీ వాటి గురించి ఇష్టంగా మాట్లాడతారు. చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ కలిపి ఇప్పుడు పెట్టే కాంప్లెక్స్ సమావేశాలు వాటి వారసులే. కానీ ఇవాళ అక్కడ ఎక్కువ టైమ్ దేనికి పోతోంది? పైనుంచి వచ్చిన పీపీటీ చూపించడం, రావాల్సిన వివరాలు ఎవరివి రాలేదో చదవడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. ఏ బడిలో ఏ పాఠం పిల్లలకు ఎక్కలేదో చెప్పుకోవడానికి సమయం మిగలదు.

అందుకని నేను అడిగేది ఇది. ఆ చివరి గడిని తనిఖీ నుంచి తీసేయండి. ప్లాన్‌లో మిగతాదంతా చూడండి, క్లాసుకు వచ్చి కూర్చోండి, పిల్లల నోట్‌బుక్‌లు చూడండి, పిల్లల్ని ప్రశ్నలు అడగండి, మాకు అభ్యంతరం లేదు. రిఫ్లెక్షన్స్ మాత్రం టీచర్ సొంతం, దానికి సంతకాలు, మార్కులు, గ్రేడులు ఉండవు అని రాతపూర్వకంగా చెప్పండి. ప్రతి పీరియడ్‌కూ రాయమనకండి, వారానికి ఒక్క పాఠం గురించి నిజాయితీగా రాస్తే చాలనండి. వారంలో కనీసం ఒక పీరియడ్‌ను ఏ యాప్, ఏ సమాచారం, సెలవు పెట్టినవాళ్ల క్లాసుకు పంపే ఏ అడ్జస్ట్‌మెంట్ తగలకుండా దీనికోసం వదలండి. కాంప్లెక్స్ సమావేశంలో మొదటి గంట ఇలాంటి ఒక్క పాఠం మీద మాట్లాడుకోవడానికే కేటాయించండి.

తనిఖీ లేకపోతే అసలు రాయరు కదా అని అధికారులు అంటారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కొందరు రాయరు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు మాత్రం ఎవరు రాస్తున్నారు, కాపీ చేస్తున్నారు అంతే. రాయని నలుగురి కోసం రాయాలనుకునే పదిమంది నోరు నొక్కేయడం న్యాయం కాదు. పైగా ఆలోచించే టీచర్‌ను పట్టుకోవడానికి ఆ గడి చదవాల్సిన పనే లేదు. బడికి వచ్చిన ఎంఈఓ గారు 'ఈ వారం పిల్లలకు ఏ లెక్క ఎక్కలేదండీ, ఏం చేద్దామనుకుంటున్నారు' అని మామూలుగా అడిగితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మన ప్రైమరీ పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర 'నేను ఇవి చేయగలనా?' అని ఒక పట్టిక ఉంటుంది, పిల్లలు అవును, కాదు అని టిక్కు పెట్టాలి. ఎనిమిదేళ్ల పిల్లలు 'కాదు' అని టిక్కు పెట్టడానికి భయపడకూడదని మనం కోరుకుంటాం, వాళ్లకు చెప్పే టీచర్‌కు ఆ ధైర్యం ఇవ్వకపోతే ఎలా?

తోటి టీచర్లకు కూడా ఒక మాట. ఆర్డర్ వచ్చేదాకా ఆగొద్దు. ఆఫీసుకు చూపించే ప్లాన్ వేరు, మీ బ్యాగులో ఒక చిన్న నోట్‌బుక్ వేరు. అందులో ఎవరికీ చూపించక్కర్లేని ఒక్క లైన్ రాసుకోండి, ఏ పిల్లలు ఏ జవాబు చెప్పారో ఉన్నదున్నట్టు రాసుకోండి, బాగోగుల తీర్పు తర్వాత ఇచ్చుకోవచ్చు. పక్క క్లాసు టీచర్‌తో టీ తాగేటప్పుడు పీఆర్సీ, ట్రాన్స్‌ఫర్లతోపాటు ఆ ఒక్క లైన్ గురించి కూడా మాట్లాడుకోండి.

చివరిగా మీకో విన్నపం. మీ విద్యా పేజీలో పదో తరగతి మోడల్ పేపర్లు, బిట్లు, ప్రిపరేషన్ చిట్కాలు వేస్తారు, పిల్లలకు అవి ఉపయోగమే. దాంట్లో వారానికి ఒకసారి ఒక చిన్న కాలమ్ టీచర్లకు ఇవ్వండి. తమ క్లాసులో పిల్లలకు ఎక్కని ఒక పాఠం గురించి, ఏ తప్పు కనిపించింది, తర్వాత ఏం మార్చారు అని రెండు వందల మాటల్లో రాయమనండి, బడి పేరు, పిల్లల పేర్లు లేకుండా. మీరు వేస్తామంటే 35కు రెండు కారణాల సంగతితో మొదటిది నేనే పంపిస్తాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయిని,
ఖమ్మం జిల్లా